గేమ్‌బాయ్ కోసం మొదటి ఆట రాయడం ఎలా? ఒక బుట్ట, ఒక మామిడికాయ చాలు

మా మేనల్లుడు వేసవి సెలవులకి వస్తూ ఒక నోటుబుక్కు తెచ్చాడు. అందులో నిండా వాడు చేయబోయే ఆట గురించే: నలుగురు హీరోలు, పన్నెండు ఊళ్లు, చివర్లో ఏడు తలల పాము. "ఎన్ని రోజులు పడుతుంది మామయ్యా?" అన్నాడు. ముందు తెర మీద ఒక నల్ల గడిని ఎడమకీ కుడికీ కదుపుదాం రా, పాము సంగతి తర్వాత చూద్దాం అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ కూర్చున్నాడు. నాలుగో రోజుకి, పైనుంచి పడే మామిడికాయల్ని బుట్టలో పట్టే ఆట తయారైంది, వాళ్లమ్మ పొయ్యి మీద కూర మర్చిపోయి మరీ ఆడింది. ఏ వరసలో చేశామో అదే వరసలో చెప్తాను. సీ లాంగ్వేజ్‌లో వేరియబుల్, ఇఫ్, వైల్ అంటే ఏమిటో తెలిస్తే చాలు, పాయింటర్లు ఇప్పుడే అక్కర్లేదు.

గేమ్‌బాయ్ అంటే 1989లో నింటెండో తెచ్చిన చేతి కన్సోల్. మన ఊళ్లలో చాలామంది దాన్ని చూసి ఉండరు, మా తరానికి ఎగ్జిబిషన్లో బేరమాడి కొన్న బ్రిక్ గేమే గొప్ప. మరి దీన్నే ఎందుకు పట్టుకున్నామంటే, అందులో దాదాపు ఏమీ లేదు కాబట్టి. తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 144 ఎత్తు, అందులో నాలుగే షేడ్లు. వాడుకోవడానికి 8 కిలోబైట్ల మెమరీ, బొమ్మల కోసం ఇంకో 8. టెట్రిస్ మొత్తం 32 కేబీ కార్ట్రిడ్జ్‌లో, అంటే కన్సోల్లో గుచ్చే ఆట బిళ్లలో, పట్టేసింది, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మే అంతకంటే బరువుంటుంది. ఇంత ఇరుకైన చోట ఏం పెట్టాలా అనే ప్రశ్న రాదు, ఏం తీసేయాలా అనే వస్తుంది. మొదటి ఆట రాసేవాడికి అదే మేలు, ఫోన్‌కి ఆట రాద్దామని దిగితే సగం జీవితం సెట్టింగుల్లోనే పోతుంది.

ముందు సరంజామా

కన్సోల్ కొనక్కర్లేదు. కంప్యూటర్లో ఒక ఎమ్యులేటర్, అంటే గేమ్‌బాయ్‌లా నటించే ప్రోగ్రామ్, చాలు. ఎంజీబీఏ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. తప్పులు వెతకడానికి లోపలి మెమరీ కూడా చూడాలనుకుంటే ఎమ్యులీషియస్ బాగుంటుంది. రెండూ ఉచితమే.

రాసిన సీ కోడ్‌ని గేమ్‌బాయ్‌కి అర్థమయ్యే ఫైల్‌గా మార్చేది జీబీడీకే-2020. ఇదీ ఉచితమే. జిప్ దించుకుని విప్పితే సరిపోతుంది, ఇన్‌స్టాల్ చేసే తతంగం లేదు. విప్పే చోటు మాత్రం పేరులో ఖాళీలు లేని ఫోల్డర్ అయితే మంచిది, సీ డ్రైవ్‌లో నేరుగా జీబీడీకే అని ఒక ఫోల్డర్ పెట్టేయండి. అందులోని బిన్ ఫోల్డర్‌లో ఎల్‌సీసీ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, అదే కంపైలర్. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ ఒకటి మెరిసి మాయమవుతుంది. పాడైపోయిందని టెన్షన్ పడకండి, దాన్ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి పిలవాలి, మన సీ ఫైల్ పేరూ బయటికి రావాల్సిన ఫైల్ పేరూ ఇచ్చి. బయటికి వచ్చేది డాట్ జీబీ ఫైల్. దాన్ని ఎమ్యులేటర్ మీదికి లాగి వదిలితే ఆట మొదలు.

మీ ఆట రాయడానికి ముందు ఒక పని చేయండి: జీబీడీకేతో పాటు వచ్చే ఉదాహరణల ఫోల్డర్‌లో ఒకదాన్ని యథాతథంగా కంపైల్ చేసి నడపండి. అది నడిస్తే మీ సరంజామా సరిగ్గా ఉన్నట్టే, ఆ తర్వాత వచ్చే ప్రతి తప్పూ మన కోడ్‌దే. ఈ పరీక్ష దాటవేసి, తప్పు కోడ్‌లో ఉందో ఫోల్డర్ పేరులో ఉందో తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

కోడ్ అంటేనే భయమైతే జీబీ స్టూడియో ఉంది, అందులో బొమ్మలు పెట్టి, సంఘటనల్ని ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోవచ్చు. ఊళ్లు తిరుగుతూ మనుషులతో మాట్లాడే కథల ఆటలకి అది హాయి. కానీ ఇలా కాయ పడి బుట్ట పట్టే ఆటకి సీ లోనే దారి దగ్గర అని నా అభిప్రాయం, పైగా లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

గళ్ల నోటుబుక్కులో బొమ్మ

గేమ్‌బాయ్ తెరని పిక్సెళ్లుగా చూడదు, టైళ్లుగా చూస్తుంది. ఒక్కో టైలు 8 అడ్డం, 8 నిలువు. తెర మొత్తం 20 టైళ్ల వెడల్పు, 18 ఎత్తు. లెక్కల నోటుబుక్కు తీసి 8 గళ్లు అడ్డం, 8 గళ్లు నిలువు గీత గీసుకుని, పెన్సిల్‌తో మామిడికాయ వేయండి. వాడు వేసిన మొదటి కాయ బంగాళాదుంపలా ఉంది, ఒక మూల రెండు గళ్లు తీసేసి ముక్కు వంచేసరికి మామిడికాయైంది. అంత చిన్న చోట ఒక్క గడికే బొమ్మ మారిపోతుంది.

కదిలే బొమ్మల్ని స్ప్రైట్లు అంటారు. వాటిలో ఒక షేడ్ పారదర్శకం కింద పోతుంది కాబట్టి మీకు మిగిలేవి మూడే. కాగితం మీద గీసింది ఏదైనా పెయింట్ ప్రోగ్రామ్‌లో పీఎన్‌జీగా వేసుకుంటే, జీబీడీకేలోనే ఉన్న పీఎన్‌జీ-టు-అసెట్ అనే పనిముట్టు దాన్ని అంకెల వరసగా మార్చి ఇస్తుంది. ఒక టైలుకి 16 బైట్లు. కాయకి ఒక టైలు, బుట్టకి రెండు పక్కపక్కన, అంతే మన ఆటలో బొమ్మలు.

బుట్టని కదపడం

కోడ్‌లో మొదట చేయాల్సినవి నాలుగు పనులు, ఇదే వరసలో: టైళ్ల అంకెల్ని బొమ్మల మెమరీలోకి ఎక్కించడం, ఏ స్ప్రైట్‌కి ఏ టైలో చెప్పడం, స్ప్రైట్‌ని ఒక చోట నిలబెట్టడం, చివరగా స్ప్రైట్లని చూపించమనడం. వీటి ఫంక్షన్ల పేర్లు, స్పెల్లింగుతో సహా, ఆ ఉదాహరణల్లోనే ఉంటాయి, చూసి రాసుకోండి. నాలుగోది మర్చిపోతే అన్నీ సరిగ్గా ఉన్నా తెర ఖాళీగా ఉంటుంది. అందరూ మర్చిపోతారు.

ఇక్కడ ఒక తిరకాసు. బుట్టని సున్నా, సున్నా దగ్గర పెడితే తెర పై ఎడమ మూలలో కనిపించాలి కదా, కనిపించదు. గేమ్‌బాయ్‌లో స్ప్రైట్‌కి ఆ మూల అంటే అడ్డం 8, నిలువు 16. బొమ్మ తెర అంచు అవతలి నుంచి మెల్లగా లోపలికి రావడానికి వీలుగా అలా పెట్టారు. కాబట్టి 8 పిక్సెళ్ల బొమ్మకి అడ్డంలో హద్దులు 8 నుంచి 160, నిలువులో 16 నుంచి 152. మన బుట్ట రెండు టైళ్ల వెడల్పు కాబట్టి దాని ఎడమ సగం 152 దాటకూడదు. ఈ అంకెల్ని కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి, మాటిమాటికీ చూస్తారు.

ఇక ఆట గుండెకాయ అంతా ఎప్పటికీ ఆగని ఒక వైల్ లూపే. అందులో జరిగేది ఇది: ఏ బటన్లు నొక్కి ఉన్నాయో చదువు, బుట్ట జరుపు, కాయ దించు, తగిలిందేమో చూడు, తెర కొత్తగా గీసేదాకా ఆగు. మళ్లీ మొదటికి. సెకనుకి దాదాపు 60 సార్లు. చివర్లో ఆ ఆగడం ఉంది చూశారూ, దానికి వీసింక్ అని ఒక ఫంక్షన్ ఉంది, అది లేకపోతే ప్రాసెసర్ తన వేగంతో తను తిరిగేస్తుంది, బటన్ ముట్టుకోగానే బుట్ట ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎగిరి కూర్చుంటుంది.

బటన్లు మొత్తం ఎనిమిది: నాలుగు దిక్కులు, ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్. ఒక బైటులో బిట్లూ ఎనిమిదే. జాయ్‌ప్యాడ్ అనే ఫంక్షన్ ఇచ్చే ఒక్క బైటులోనే అన్నీ ఉంటాయి, మనకి కావలసిన బిట్టు వెలిగిందా లేదా అని చూసుకోవడమే.

బుట్ట కదిలింది, వాడు ఎడమ బటన్ పట్టుకునే ఉన్నాడు, ఉన్నట్టుండి బుట్ట మాయం. "మామయ్యా, బుట్ట ఎటు పోయింది?" పోవాల్సిన చోటికే పోయింది. స్థానం దాచుకున్న వేరియబుల్ ఒక్క బైటు, అందులో 0 నుంచి 255 వరకే పడతాయి. సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి రాదు, 255 వస్తుంది, అది తెరకి కుడివైపు బయట. అందుకే జరిపాక సరిచూడటం కాదు, జరపడానికి ముందే అడగాలి: 8 కంటే ఎక్కువ ఉంటేనే ఎడమకి, 152 కంటే తక్కువ ఉంటేనే కుడికి.

కాయ పడటం, బుట్టలో పడటం

కాయని నిలువు 8 దగ్గర పుట్టిస్తే తెరకి సరిగ్గా పైన దాక్కుని ఉంటుంది. ప్రతి చుట్టుకీ ఒక పిక్సెల్ దించండి. 160 దాటితే కింద పడిపోయినట్టు, ఒక ప్రాణం తీసేసి కాయని మళ్లీ పైకి పంపండి. అడ్డంలో ఎక్కడ పుట్టాలో లాటరీ వేయాలి. ర్యాండ్ అనే ఫంక్షన్ 0 నుంచి 255 లోపు అంకె ఇస్తుంది, దాన్ని 127తో బిట్ల యాండ్ చేసి (సీ లో & గుర్తు, 0 నుంచి 127 లోపే మిగులుతుంది) 16 కలిపితే ఎప్పుడూ తెర లోపలే పడుతుంది. శేషం తీసే గుర్తు వాడచ్చు గానీ ఈ ప్రాసెసర్‌కి భాగహారం చేసే సూచనే లేదు, లోపల చాంతాడంత కోడ్ నడిపి చేస్తుంది. దశాంశాల జోలికి అసలు పోకండి.

లాటరీకి విత్తనం, అంటే లెక్క మొదలయ్యే అంకె, కూడా వేయాలి, లేదంటే ఆట తెరిచిన ప్రతిసారీ కాయలు అవే చోట్ల, అదే వరసలో పడతాయి. వాడు రెండో రోజుకి ఆ వరస బట్టీ పట్టేసి నాకంటే గొప్పగా ఆడుతున్నానని మురిసిపోయాడు. మొదటి తెర మీద స్టార్ట్ నొక్కమని అడిగి, నొక్కిన క్షణంలో గేమ్‌బాయ్ లోపల గిర్రున తిరుగుతుండే డివ్ అనే రిజిస్టర్ (యంత్రం తన పనికి వాడుకునే చిన్న మెమరీ గది) విలువని విత్తనంగా ఇవ్వండి. మనిషి ప్రతిసారీ ఒకే క్షణంలో నొక్కడు కదా.

తగిలిందా లేదా చూడటంలో మేం ఇరుక్కున్న గొయ్యి చెప్తాను. బుట్ట నిలువు స్థానం 144. కాయ స్థానం సరిగ్గా 144కి సమానమైనప్పుడు అడ్డంలో కూడా కలిస్తే పట్టినట్టు అని రాశాం. వేగం ఒకటి, బాగానే ఉంది. వేగం రెండు, బాగానే ఉంది. మూడో లెవెల్లో వేగం మూడు పెట్టగానే కాయలు బుట్టలోంచి దెయ్యాల్లా దూరిపోవడం మొదలైంది. అరగంట తల గోక్కుని చివరికి కాగితం తీశాం: 8తో మొదలై మూడేసి కలుపుకుంటూ పోతే 143 వస్తుంది, ఆ తర్వాత 146. 144 రానే రాదు. సమానమా అని ఎప్పుడూ అడగకూడదు, రెండు బొమ్మల గళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయా అని అడగాలి. అంటే కాయ ఎడమ అంచు బుట్ట కుడి అంచుకి ఇవతల ఉందా, కాయ కుడి అంచు బుట్ట ఎడమ అంచుని దాటిందా, పైకీ కిందకీ కూడా అలాగే. నాలుగు పోలికలు, నాలుగూ నిజమైతే స్కోరు పెంచి కాయని పైకి పంపేయండి.

ఆట ఆపడానికి స్టార్ట్ బటన్ పెడితే ఇంకో చిక్కు. మనం టక్కున ఒకసారి నొక్కేలోపు లూపు ఐదారుసార్లు తిరిగేస్తుంది, ఆట ఆగి, సాగి, ఆగి, చివరికి ఎటో అటు నిలబడుతుంది. పోయిన చుట్టులో బటన్లు ఎలా ఉన్నాయో ఒక వేరియబుల్లో దాచుకుని, అప్పుడు లేకుండా ఇప్పుడు ఉంటేనే నొక్కినట్టు లెక్క.

స్కోరు, తెలుగు, చప్పుడు

స్కోరు చూపించడానికి జీబీడీకేలో అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ ఉన్న ఫాంట్ సిద్ధంగా ఉంటుంది. తెలుగులో కావాలంటే మీరే గీసుకోవాలి, 8 గళ్ల ఎత్తులో తలకట్టూ, గుడీ, కింద ఒత్తూ పట్టించడం మన వల్ల కాలేదు. అక్షరాల్లా కాకుండా "ఆట అయిపోయింది" అనే మాట మొత్తాన్ని ఒక బొమ్మగా, రెండు టైళ్ల ఎత్తులో గీసి, టైళ్లుగా కోసి వెనక తెర మీద పరిచాం. ఒత్తులున్న మాట కావాలంటే మూడు టైళ్ల ఎత్తు ఇవ్వండి, లేదా ఒత్తుల్లేని మాట ఎంచుకోండి, మేం చేసింది అదే.

చప్పుడుకి నాలుగు ఛానెళ్లున్నాయి, అందులో ఒకటి ఉత్త బుస్సుమనే శబ్దం. కాయ నేలకి తగిలినప్పుడు దాన్నే వాడాం. ముందు మొత్తం సౌండ్‌ని ఆన్ చేసే రిజిస్టర్ సంగతి చూడండి, అది ఆఫ్‌లో ఉంటే మిగతావి ఎన్ని రాసినా వినపడదు. పాట కావాలంటే హ్యూజ్‌ట్రాకర్ ఉంది గానీ మొదటి ఆటకి టింగ్, బుస్ చాలు.

అసలు గేమ్‌బాయ్ చేతికి దొరికితే, ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లో, అంటే మన ఫైళ్లు మనమే ఎక్కించుకోగలిగే బిళ్లలో, ఇదే డాట్ జీబీ ఫైల్ వేసి ఆడుకోవచ్చు. ఒక జాగ్రత్త: మొదటి విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుల్ ఎమ్యులేటర్లో సున్నాగా కనిపించి, అసలు యంత్రం మీద ఏ 187తోనో మొదలవ్వచ్చు. స్కోరు, ప్రాణాలు, వేగం, అన్నిటికీ మొదట్లోనే విలువ రాసిపెట్టండి.

వాడు మళ్లీ నోటుబుక్కు తీసి పాము తలలు గీస్తున్నాడు. ఒక్కో తల 16 పిక్సెళ్లు, అంటే అడ్డంగా రెండు స్ప్రైట్లు, ఏడు తలలకి 14. గేమ్‌బాయ్ ఒక అడ్డ గీత మీద పది స్ప్రైట్లే చూపిస్తుంది, మిగతావి మాయమైపోతాయి. ఐదు తలల పాము చేసుకో అన్నాను. ఒప్పుకోలేదు. కాసేపు పెన్సిల్ నమిలి, నాలుగు తలలు పైకెత్తి మూడు కిందికి వంచి గీసి నా ముందు పెట్టాడు. పై వరసలో ఎనిమిది, కింద ఆరు.