న్యూజెర్సీలో గంజాయి దుకాణం లైసెన్సు: దరఖాస్తు విధానం, దానికి ముందు చూసుకోవాల్సిన వీసా సంగతి

న్యూజెర్సీలో గంజాయి అమ్మే దుకాణం పెట్టాలంటే ఆ రాష్ట్ర కెనబిస్ రెగ్యులేటరీ కమిషన్ లైసెన్సు కావాలి. అక్కడి ఓటర్లు 2020 నవంబరులో సరే అన్నారు, 2021 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది, 2022 ఏప్రిల్ 21 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు దుకాణాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. ఫెడరల్ ప్రభుత్వానికి మాత్రం గంజాయి ఇప్పటికీ 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం) కిందికి వచ్చే సరుకే. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం వర్తిస్తుందని 2005లో రైచ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

న్యూజెర్సీలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి తలా కొంత వేసుకుని వ్యాపారం పెట్టడం మామూలే. "నువ్వేం చెయ్యక్కర్లేదు, పది శాతం వాటా తీసుకో చాలు" అని ఎవరైనా అడిగితే, ఆ మాట గంజాయి దుకాణం గురించైతే, ముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి.

అమెరికా పౌరులు కానివాళ్లు ఈ వ్యాపారంలోకి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. హెచ్-1బి ఉద్యోగ వీసా అయినా, డిపెండెంట్ వీసా హెచ్-4 అయినా, ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు మీద ఉన్నా అంతే. ఇమ్మిగ్రేషన్ అధికారులు చూసేది ఫెడరల్ చట్టమే. మాదకద్రవ్యాల వ్యాపారంలో ఉన్నారని నమ్మడానికి కారణం దొరికితే చాలు, కేసు, శిక్ష ఏవీ లేకపోయినా దేశంలోకి రానివ్వకుండా ఆపవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనే ఈ చిక్కు ఎదురుకావచ్చు. అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. గత ఐదేళ్లలో ఆ డబ్బుతో లాభపడిన భార్యాభర్తలు, కొడుకులు, కూతుళ్లు కూడా, ఆ డబ్బు ఎక్కడిదో తెలిసి ఉంటే, ఇదే నిబంధనలో చిక్కుకుంటారు.

సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో సూటిగా ఒక ప్రశ్న ఉంది. నిషిద్ధ మందులను తయారు చేయడం, పండించడం, పంచడం, అమ్మడం ఎప్పుడైనా చేశారా అని. అది ఏ రాష్ట్ర చట్టానికి గానీ, అమెరికా చట్టానికి గానీ, మరో దేశ చట్టానికి గానీ విరుద్ధమైతే అవునని రాయాలి. "మా రాష్ట్రంలో లీగలే" అన్న జవాబు ఇక్కడ పనికిరాదు. రాష్ట్ర చట్టం అనుమతించినా గంజాయి పని సిటిజన్‌షిప్‌కు కావాల్సిన మంచి నడవడికకు అడ్డే అవుతుందని ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. ఆ మాట గంజాయి వ్యాపారంలో ఉద్యోగాలకూ వర్తిస్తుంది. కాబట్టి ఓపీటీ (చదువుతో పాటు వచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉన్న పిల్లలు డిస్పెన్సరీ, అంటే గంజాయి దుకాణం, కౌంటర్‌లో పని దొరికిందని చేరకండి.

ఇక పౌరులైనవాళ్ల దరఖాస్తు సంగతి.

లైసెన్సులు ఆరు తరగతులు. పెంపకం ఒకటో తరగతి, తయారీ రెండోది, హోల్‌సేల్ మూడోది, రవాణా నాలుగోది, దుకాణం ఐదోది, డెలివరీ ఆరోది. దరఖాస్తు కమిషన్ వెబ్‌సైటులోని పోర్టల్ ద్వారానే. ముందుగా కంపెనీని రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి బిజినెస్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే మైక్రోబిజినెస్ అనే రకం ఉంది. పదిమందికి మించి ఉద్యోగులు ఉండకూడదు, స్థలం 2,500 చదరపు అడుగులు దాటకూడదు, యజమానులంతా రెండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నవాళ్లే కావాలి.

స్థలం ఇంకా దొరకనివాళ్లు, షరతులతో ముందుగా ఇచ్చే కండిషనల్ లైసెన్సుకు వెళ్లడం మేలు. దానికి ఆదాయ పరిమితి ఉంది. ఒక్కరైతే ఏడాదికి 2 లక్షల డాలర్లు, దంపతులు కలిపి ఫైల్ చేస్తే 4 లక్షలు. అది చేతికొచ్చాక గడువులోగా స్థలం చూసుకుని, టౌన్ అనుమతి తెచ్చి, వార్షిక లైసెన్సుగా మార్చుకోవాలి. ఫీజులు ఎప్పటికప్పుడు కమిషన్ సైటులోనే చూసుకోండి.

దరఖాస్తులు ఎక్కువగా ఇరుక్కునేది టౌన్ దగ్గరే. ఏ మునిసిపాలిటీ అయినా ఈ దుకాణాలు మాకొద్దు అనవచ్చు. 2021లో గడువు ముగిసేసరికి దాదాపు 400 ఊళ్లు వద్దనే అన్నాయి. ఒప్పుకున్న ఊళ్లో కూడా కౌన్సిల్ తీర్మానం చేసి మద్దతు పత్రం ఇవ్వాలి, ఆ స్థలం జోనింగ్‌కు (ఎక్కడ ఏ వ్యాపారం పెట్టవచ్చో చెప్పే టౌన్ నిబంధనలకు) సరిపోవాలి. టౌన్ క్లర్కు దగ్గర స్థానిక ఆర్డినెన్సు కాపీ తీసుకుని చదవకముందే లీజు మీద సంతకం పెట్టకండి. అద్దె కట్టుకుంటూ తీర్మానం కోసం ఎదురుచూడటం మామూలు టెన్షన్ కాదు. స్థలం యజమానికి కూడా చేసే వ్యాపారమేమిటో దాచకుండా చెప్పాలి, లీజులో అది రాయించాలి.

యజమానులు, కీలక బాధ్యతల్లో ఉన్నవాళ్లు అందరూ సొంత వివరాల ఫారాలు నింపాలి, వేలిముద్రలు ఇవ్వాలి. పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు చూపాలి. ఊళ్లో నాన్నగారు పొలం అమ్మి పంపారనుకోండి, ఆ లెక్క కూడా చెప్పాల్సిందే. ఎందుకో తెలిసీ ఆయన పంపితే, రేపు ఆయన విజిటర్ వీసాకూ అదే ఇమ్మిగ్రేషన్ నిబంధన అడ్డు రావచ్చు. ఈ ఒక్క కారణం చాలు, ఇండియా డబ్బు ఇందులోకి తేకపోవడానికి.

కమిషన్ బోర్డు తన బహిరంగ సమావేశంలో ఓటు వేసి ఆమోదిస్తుంది. లైసెన్సు వచ్చాక ప్రతి ప్యాకెట్‌నూ మెట్రిక్ అనే ట్రాకింగ్ వ్యవస్థలో నమోదు చేయాలి. సరుకు రాష్ట్రం దాటకూడదు. హడ్సన్ నదికి అవతల న్యూయార్క్‌లోనూ అమ్మకాలు చట్టబద్ధమే అయినా, బ్రిడ్జి దాటించడం ఫెడరల్ నేరం.

బ్యాంకు ఖాతా లైసెన్సు రాకముందే మాట్లాడి పెట్టుకోవాలి. 2014 ఫిబ్రవరిలో ఫెడరల్ ఆర్థికశాఖలోని ఫిన్‌సెన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇలాంటి ఖాతా తెరిచిన బ్యాంకు అనుమానాస్పద లావాదేవీల నివేదికలు పంపుతూ ఉండాలి. అందుకే చాలా బ్యాంకులు దగ్గరికి రానివ్వవు, ఒప్పుకున్నవి ఫీజులు బాగా లాగుతాయి.

పన్ను లెక్క వేసుకోకుండా పెట్టుబడి పెట్టకండి. ఫెడరల్ పన్ను చట్టంలో 280ఈ అనే సెక్షన్ 1982 నుంచి ఉంది. కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్‌లోని షెడ్యూల్ 1, 2 అనే జాబితాల్లో ఉన్న మందుల వ్యాపారానికి సరుకు ఖరీదు తప్ప మిగతా ఖర్చులు తగ్గించనివ్వదు. ఏడాది అమ్మకాలు 10 లక్షల డాలర్లు, సరుకుకు 6 లక్షలు, అద్దె, జీతాలకు 3 లక్షలు అనుకుందాం. నిజంగా మిగిలింది లక్ష. మామూలు కంపెనీ ఆ లక్ష మీద 21 శాతం, అంటే 21 వేలు కడుతుంది. 280ఈ కింద 4 లక్షల మీద 84 వేలు కట్టాలి. చేతిలో మిగిలేది 16 వేలు. రాష్ట్ర పన్నులో ఈ బాధను న్యూజెర్సీ 2023లో తీసేసింది, ఫెడరల్ పన్ను వేరు.

గంజాయిని షెడ్యూల్ 3లోకి మార్చాలని 2024 మేలో ఫెడరల్ న్యాయశాఖ ప్రతిపాదించింది. షెడ్యూల్ 3 మందులకు 280ఈ వర్తించదు కాబట్టి మీ సరుకు ఏ షెడ్యూల్‌లో ఉందో ఆ ఏడాది పన్ను వేసేముందు మీ అకౌంటెంటును (సీపీఏని) అడగండి. షెడ్యూల్ 3 అయినా అది కంట్రోల్డ్ సబ్‌స్టాన్సే, కాబట్టి పైన చెప్పిన ఇమ్మిగ్రేషన్ చిక్కు అలాగే ఉంటుంది. ఇప్పటికే వాటా తీసుకుని ఉన్న గ్రీన్ కార్డువాళ్లు ఎన్-400 వేయకముందే, ఇండియాకు టికెట్ కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. దుకాణం కాగితాలు చూసే లాయరు దీనికి సరిపోరు.