కాలిఫోర్నియా సైస్మిక్ పరీక్ష: మార్కులు ఎక్కడ పోతున్నాయి, ఎలా నిలబెట్టుకోవాలి

కాలిఫోర్నియాలో సివిల్ పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సుకు 8 గంటల జాతీయ పరీక్ష ఒక్కటే చాలదు. సర్వేయింగ్, సైస్మిక్ ప్రిన్సిపుల్స్ (భూకంప సూత్రాలు) అని రాష్ట్రం పెట్టే రెండు పరీక్షలు విడిగా పాసవ్వాలి. సైస్మిక్‌లో 55 ప్రశ్నలు, రెండున్నర గంటల సమయం. నెలల తరబడి చదివి కూడా తప్పినవాళ్ల లెక్కల కాగితాలు ముందేసుకుని చూశాను. లెక్కలు రాక తప్పినవాళ్లు చాలా తక్కువ. బలం ఎక్కడ పుట్టి, ఏ దారిన పునాదికి దిగుతుందో ఆ దారి మధ్యలో వదిలేసినవాళ్లే ఎక్కువ.

సమస్య: బేస్ షియర్ (పునాది దగ్గర భవనం మీద పడే మొత్తం భూకంప బలం) జవాబు ఆప్షన్లలో కనిపించింది, అయినా తప్పయింది

కారణం: మనం ఏ మెట్టు దగ్గర జారతామో తెలిసే ఆప్షన్లు పెడతారు. ఎస్‌ఎంఎస్‌ను (ఆ చోట లెక్కలోకి తీసుకునే గరిష్ఠ భూకంప తీవ్రత) మూడింట రెండు వంతులు చేసి, డిజైన్‌కు వాడే ఎస్‌డీఎస్‌గా మార్చడం మర్చిపోవడం ఒకటి. ఆర్‌ను (బలాన్ని తగ్గించే గుణకం) ప్రాముఖ్య గుణకంతో భాగించాల్సింది పోయి గుణించడం ఇంకొకటి.

పరిష్కారం: ఒక లెక్క కంఠతా ఉంచుకోండి. ఎస్‌డీఎస్ 1.0, ఆర్ 6.5 ఉన్న మామూలు చెక్క షియర్ వాల్ (పక్క బలాన్ని ఆపే గోడ) భవనం బరువు 650 కిప్పులైతే (కిప్పు అంటే 1,000 పౌండ్లు) బేస్ షియర్ 100 కిప్పులు. అదే భవనం రిస్క్ కేటగిరీ 4 (ఆసుపత్రుల లాంటి అత్యవసర భవనాలు) కిందికి వస్తే గుణకం 1.5, బలం 150 కిప్పులు. ప్రాముఖ్యం పెరిగితే బలం పెరగాలి. తగ్గిందంటే ఎక్కడో తలకిందులు చేశారు. ఇంకో మాట: ఎస్‌డీ1ని (ఒక సెకను పీరియడ్ దగ్గర డిజైన్ తీవ్రత) ఎస్‌డీఎస్‌తో భాగిస్తే వచ్చే కాలం కన్నా భవనం పీరియడ్ (ఒకసారి ఊగడానికి పట్టే సమయం) తక్కువైతే, పీరియడ్‌తో వచ్చే పైపరిమితి అడ్డురాదు. ఆ లెక్క వేయకుండా ముందుకు వెళ్లిపోవచ్చు.

సమస్య: కార్డ్, కలెక్టర్ ప్రశ్నలు ఎప్పుడూ తారుమారు

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటారు. సూత్రాలు రెండూ బట్టీపట్టి, బొమ్మ గీయకపోవడమే కారణం.

కాగితం తీసుకోండి. తూర్పు పడమరలుగా 100 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 40 అడుగులు ఉన్న ఫ్లెక్సిబుల్ (వంగే) కప్పు గీయండి. భూకంప బలం ఉత్తర దక్షిణ దిశలో, పొడవు వెంట అడుగుకు 400 పౌండ్లు. ఇక కప్పును పడుకోబెట్టిన దూలం అనుకోండి. తూర్పు, పడమర కొసల్లో ఉన్న గోడలు దాని ఆధారాలు. ఒక్కో వైపు 20,000 పౌండ్లు వస్తుంది. 40 అడుగులతో భాగిస్తే కప్పు అంచున షియర్ అడుగుకు 500 పౌండ్లు.

దూలం వంగితే ఒక అంచు టెన్షన్‌లో (లాగుడు), ఎదుటి అంచు కంప్రెషన్‌లో (నొక్కుడు) ఉంటుంది కదా. ఆ అంచులే ఉత్తర, దక్షిణ కార్డ్‌లు. మధ్యలో మొమెంట్ (వంచే ప్రభావం) 5,00,000 పౌండ్-అడుగులు, 40తో భాగిస్తే కార్డ్ బలం 12,500 పౌండ్లు.

ఇప్పుడు తూర్పు కొసన గోడ 40 అడుగులూ లేదు, ఒక మూల నుంచి 25 అడుగులే ఉంది. మిగతా 15 అడుగుల్లో కప్పు ఇచ్చే బలాన్ని ఎవరో ఒకరు పోగుచేసి గోడకు మోసుకెళ్లాలి. ఆ పని చేసేదే కలెక్టర్: 15 × 500 = 7,500 పౌండ్లు. గోడ వైపు నుంచీ సరిచూడండి. గోడలో షియర్ అడుగుకు 800, కప్పు ఇచ్చేది 500, తేడా 300, దాన్ని 25తో గుణిస్తే మళ్లీ 7,500. రెండు వైపుల నుంచీ ఒకే సంఖ్య వచ్చిందంటే దారి తెగలేదన్నమాట.

కాంక్రీటు, ఇటుక గోడల భవనాల్లో సైస్మిక్ డిజైన్ కేటగిరీ (భూకంప ప్రమాదాన్ని బట్టి భవనానికి ఇచ్చే తరగతి) సీ నుంచి పైకి కలెక్టర్‌కు ఒమేగా గుణకం (బలాన్ని పెంచి చూసే గుణకం) వేయాలి. పూర్తిగా చెక్క లైట్ ఫ్రేమ్ (తేలికపాటి చట్రం) షియర్ వాల్స్‌తోనే నిలబడే భవనానికి దీని నుంచి మినహాయింపు ఉంది. ప్రశ్నలో గోడ దేనితో కట్టారన్నది అందుకే రెండుసార్లు చదవాలి.

సమస్య: ఆర్, సీడీ, ఒమేగా కలగాపులగం

ఆర్ బలాన్ని తగ్గిస్తుంది. సీడీ ఎలాస్టిక్ కదలికను పెంచి అసలు డ్రిఫ్ట్ (అంతస్తు పక్కకు జరిగే దూరం) చూపిస్తుంది. ఒమేగా విరగకూడని భాగాలను కాపాడుతుంది. ఇంతే.

సమస్య: లెక్కలు బాగానే చేస్తున్నా, లెక్కలేని ప్రశ్నల్లో పోతున్నాయి

ఇర్రెగ్యులారిటీల (భవనం ఆకారంలో, గట్టితనంలో ఉండే తేడాలు) పట్టికను పేర్లుగా చదివితే గుర్తుండవు, కూలిన భవనాలుగా చదవాలి. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో నార్త్‌రిడ్జ్ మెడోస్ అపార్ట్‌మెంట్ల కింది అంతస్తు నలిగి 16 మంది చనిపోయారు. సాఫ్ట్ స్టోరీ (పై అంతస్తుల కన్నా గట్టితనం తక్కువున్న అంతస్తు) అనే మాట వెనక ఉన్నది అది. అదే భూకంపంలో స్టీల్ మొమెంట్ ఫ్రేముల వెల్డింగులు పగిలాయి, ఆ తర్వాత కనెక్షన్ల నియమాలు మారాయి. 1933 లాంగ్ బీచ్ భూకంపంలో బడులు కూలినందుకే బడి భవనాల భద్రతకు ఫీల్డ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. నియమం పక్కన ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి.

సమస్య: చివరి 10 ప్రశ్నలు చూడను కూడా చూడలేదు

150 నిమిషాల్లో 55 ప్రశ్నలంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు కూడా లేవు. మొదటి చుట్టులో నిమిషంలో తేలేవి మాత్రమే చేసి, టోర్షన్ (భవనం మెలి తిరగడం), రిజిడ్ డయాఫ్రం (వంగని కప్పు) లాంటి పొడుగు లెక్కలను గుర్తుపెట్టి వదిలేయండి. ఇంట్లో సాధన కూడా గడియారం పెట్టుకుని, పరీక్షకు బోర్డు ప్రకటించిన కోడ్ ఎడిషన్‌తోనే చేయాలి. పాత ఎడిషన్ పుస్తకం ఎవరైనా ఉచితంగా ఇచ్చినా పక్కన పెట్టేయండి.