పంచాయతీ మోటారు బిల్లు నిజమా? ఫోన్‌లో చూసే పద్ధతి

హాలియాలో నాది మోటార్ వైండింగ్ షాపు. అందుకే పంచాయతీ లెక్కల్లో నా కన్ను ముందు మోటారు రిపేరు బిల్లు మీదే పడుతుంది. మీరూ మీకు తెలిసిన పని బిల్లే ముందు చూడండి. మేస్త్రీని సిమెంటు లెక్కలో, ట్రాక్టర్ నడిపేటోళ్లను డీజిల్ లెక్కలో ఎవరూ మోసం చేయలేరు.

ఫోన్‌లో పంచాయతీల లెక్కలు పెట్టే ప్రభుత్వ సైట్ ఈ-గ్రామ్ స్వరాజ్ తెరవండి. 2020 నుంచి ఉంది, లాగిన్ అక్కర్లేదు. రిపోర్టుల్లో ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటూ పోతే ఓచర్లు, అంటే ఏ ఖర్చుకు ఎప్పుడు ఎంత కట్టారో చూపే చీటీలు వస్తాయి. ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎట్లనో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. దొరకగానే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

ఇక ఓచర్ తేదీ పట్టుకుని బోరు దగ్గరికి పోండి. సబ్‌మెర్సిబుల్ మోటారు కాలితే పైపులు ఒక్కొక్కటీ విప్పి పైకి గుంజాలి. వాడంతా చూసే పని అది. ఆ రోజుల్లో నల్లా బంద్ అయిందా అని ఆడవాళ్లను అడగండి, వాళ్లకు గుర్తుంటుంది. కొత్తగా వైండింగ్ చేస్తే కాలిన రాగి తీగ మిగులుతుంది. స్క్రాప్‌కు దానికి మంచి ధర. ఆ పైసలు బిల్లులో తగ్గించారా, తీగ ఎటు పోయింది? ఎండాకాలంలో తక్కువ వోల్టేజీకి మోటారు కాలడం మామూలే. ముసురు రోజుల్లో ఒకే మోటారు వరసగా కాలిందంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

పెద్ద మొత్తం కనబడగానే దొంగ అనకండి. నిధులు ఆలస్యమైతే నెలల బిల్లులు ఒకేసారి కడతారు. జేబులోంచి పెట్టి అప్పుల పాలైన సర్పంచులు మన దగ్గర బోలెడు మంది. ఇంకోటి, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా తెలంగాణలో ఊళ్లను సర్పంచులు కాదు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ కాలం ఓచర్‌కు మాజీ సర్పంచ్‌ను నిలదీస్తే మీరే నవ్వులపాలవుతారు.

అనుమానం తీరకపోతే కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అవినీతి వివరాలు కావాలని రాస్తే ఏమీ రాదు. ఓచర్ నంబరు, తేదీ వేసి బిల్లు కాపీ అడగండి. సీసీ రోడ్డు లాంటి పనైతే పని కొలతలు రాసే ఎంబీ (మెజర్‌మెంట్ బుక్) రికార్డు కూడా అడగండి. ఇంటి పన్ను పైసల ఖర్చూ ఇట్లే తీసుకోవాలి, సైట్‌లో అన్నీ దొరకవు.

మీ పని చేసిపెట్టడానికే ఎవరైనా లంచం అడిగితే ఈ తిప్పలేం వద్దు. పైసలు ఇవ్వకముందే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) 1064కు ఫోన్ చేయండి.