నగిషీ ఉన్న పాత లోహపు ముక్కను గుర్తించడం, నమోదు చేయడం

అన్నిటికంటే ముందు: కడగొద్దు, పులుపు పెట్టి తోమొద్దు. బంగారు పూత ఉన్న ముక్కల్లో ఆ పూత చాలాసార్లు గీతల అడుగునే మిగులుతుంది, ఒక్కసారి బ్రష్షు తగిలినా రాలిపోతుంది. దొరికిన చోటు, లోతు, పక్కన ఇంకేం ఉన్నాయో అక్కడే రాసుకోండి. కదిలించకముందే ఫొటో తీయండి.

లోహం సంగతి రంగు కొంతవరకే చెబుతుంది. ఆకుపచ్చ చిలుము ఉంటే రాగి గానీ రాగి మిశ్రమం గానీ కావచ్చు. కంచా, ఇత్తడా అన్నది చిలుమును చూసి తేలదు కాబట్టి 'రాగి మిశ్రమం' అని రాస్తే చాలు. వెండిలో కలిపిన రాగి కూడా పైకి పచ్చగా తేలుతుంది, అక్కడే చాలామంది పొరబడతారు. ఇనుమైతే అయస్కాంతం పట్టుకుంటుంది, కానీ లోపలిదాకా తుప్పైపోతే పట్టుకోకపోవచ్చు. ఇనుములో పొదిగిన వెండి తీగ తుప్పు కింద దాగి ఉంటే ఎక్స్‌రేలోనే బయటపడుతుంది.

నగిషీని 10 రెట్ల భూతద్దంతో చూడండి, టార్చిని పక్క నుంచి బాగా వాల్చి పట్టుకోండి. చెక్కిన గీతలో లోహం తెగి బయటికి పోతుంది: గాడి పదునుగా ఉంటుంది. ఉలిని సుత్తితో కొట్టి దింపిన గీతలో లోహం పోదు, పక్కకు జరుగుతుంది: అంచులు కాస్త ఉబ్బుతాయి, పలచటి రేకైతే వెనకవైపు కూడా ఆనవాలు తేలుతుంది. అందుకే వెనకవైపు తప్పక చూడాలి. పోతలో వచ్చిన నగిషీకి అంచులు మొద్దుగా ఉంటాయి. వరసగా కొట్టిన ముద్రల్లో ఒకే చిన్న నొక్కు మళ్లీ మళ్లీ కనిపిస్తే అది పనిముట్టు అంచు విరిగిన గుర్తు. అదే నొక్కు మరో ముక్కలోనూ ఉంటే రెండిటికీ ఒకే పనిముట్టు వాడి ఉండొచ్చు. దాన్ని కొలిచి, విడిగా దగ్గరి ఫొటో తీయండి.

విరిగిన అంచు మీద కూడా పైభాగంలో ఉన్న చిలుమే ఉంటే ఎప్పుడో విరిగినది, మెరుస్తుంటే ఈమధ్య విరిగినది.

అంచు వంపు నుంచి పాత్ర వ్యాసం లెక్కకట్టొచ్చు. వంపు రెండు చివరల మధ్య తిన్నని దూరం 40 మి.మీ., ఆ తిన్నని గీత నుంచి వంపు మధ్యకు ఎత్తు 5 మి.మీ. అనుకోండి. దూరం వర్గాన్ని ఎత్తుకు 8 రెట్లతో భాగించి, సగం ఎత్తు కలిపితే వ్యాసార్ధం 42.5 మి.మీ., అంటే వ్యాసం 85. ఎత్తును అర మిల్లీమీటరు తక్కువ కొలిస్తే వ్యాసం 93 దాటుతుంది. చిన్న ముక్కలకు 'సుమారు' అని రాయండి, వంగిపోయిన ముక్కకు అసలు లెక్కే వేయొద్దు.

పొడవు, వెడల్పు, మూడుచోట్ల మందం 0.1 మి.మీ. వరకు ప్లాస్టిక్ కాలిపర్‌తో కొలవండి, లోహపుదైతే గీతలు పెడుతుంది. బరువు 0.01 గ్రాముల వరకు తూచండి. ముందు, వెనక, అంచులు స్కేలుతో ఫొటో తీయండి, వెలుగు పై ఎడమ నుంచి పడాలి. బొమ్మను అసలు సైజులో, అడ్డకోతతో సహా గీయండి. వర్ణనలో 'తామరపువ్వు' అని తేల్చేయకుండా 'కొస తేలిన 5 రేకులు, నడుమ చుక్క' అని రాసి, మీ ఊహను వేరే గడిలో పెట్టండి.

లేతాకుపచ్చ పొడి రాలుతుంటే క్లోరైడ్ (ఉప్పులో ఉండే పదార్థం) లోహాన్ని తింటోందని అర్థం. అలాంటి ముక్కను వేరుచేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు), తేమ 35 శాతం దాటకుండా ఉంచాలి. దూది చుట్టొద్దు, పోగులు నగిషీలో చిక్కుకుంటాయి. వెండి దగ్గర రబ్బరు బ్యాండు పెట్టొద్దు, అందులోని గంధకం నల్లబరుస్తుంది.