పుస్తకం మూసి చదవడం ఎలా? తిరుపతికి రోజూ బస్సులో వచ్చిపోయే డిగ్రీ విద్యార్థుల కోసం

పుత్తూరు నుంచో, శ్రీకాళహస్తి నుంచో రోజూ తిరుపతి కాలేజీకి వచ్చిపోయే పిల్లలు "చదవడానికి టైమెక్కడుంది సార్?" అని అడుగుతుంటారు. రానూపోనూ రెండు గంటలు బస్సులోనే పోతాయి, అదీ చాలాసార్లు నిలబడే. పుస్తకం తెరవడానికి చోటుండదు. కానీ బాగా గుర్తుండే చదువుకు పుస్తకం మూసి ఉండటమే మేలు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల చేత ఒక పాఠం చదివించారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. మిగతావాళ్లు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే కొంచెం ముందున్నారు. వారం తర్వాత పెడితే వాళ్లకు 42 శాతమే గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం.

దీన్ని మీ రోజులో ఇలా పెట్టుకోండి.

1. క్లాసు అయిపోగానే, బెంచీ మీంచి లేవకముందే, ఒక చీటీ మీద నాలుగు ప్రశ్నలు రాయండి. జవాబులు వద్దు. ఎకనమిక్స్ అయితే "డిమాండ్ వ్యాకోచత్వం ఎన్ని రకాలు? ఉప్పు ఏ రకంలోకి వస్తుంది, ఎందుకు?" అన్నట్టు. "ఎందుకు" అనే ప్రశ్న ఒకటైనా ఉండాలి. లేకపోతే అది మళ్లీ బట్టీలోకే పోతుంది.

2. బస్సులో ఫోను జేబులో పెట్టి చీటీ తీయండి. ఒక్కో ప్రశ్నకు జవాబు మనసులో పూర్తిగా చెప్పుకోండి. "ఆ, ఇది నాకు తెలుసులే" అని దాటేయొద్దు. మాటల్లో రానిది తెలియనట్టే లెక్క. రానిదాని పక్కన సున్న చుట్టండి.

3. ఇంటికెళ్లాక సున్న చుట్టినవి మాత్రమే పుస్తకంలో చూడండి. ఇరవై నిమిషాల పని.

4. అదే చీటీ మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ తీయండి. విన్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారిపోతుంది. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ఈ సంగతి రాశాడు.

అకౌంట్స్, స్టాటిస్టిక్స్ లెక్కలకు చీటీ సరిపోదు. చేసిన లెక్కనే జవాబు మూసిపెట్టి కాగితం మీద మళ్లీ చేయాల్సిందే.

మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. పది ప్రశ్నల్లో ఆరు రావు. నోట్సు తిరగేస్తే అన్నీ వచ్చినట్టుండేది, ఇప్పుడేమో ఏమీ రానట్టుంటుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు, నాకు బాధ కలిగించేదీ అదే. దయచేసి మానొద్దు. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ తంటాలే పాఠాన్ని లోపల నాటుతాయి.

చీటీలన్నీ యూనిట్ల వారీగా రబ్బరు బ్యాండు వేసి దాచండి. ఇంటర్నల్స్ ముందురోజు రాత్రి, ఇంకా సున్నలు మిగిలిన చీటీలు మాత్రం తీసి చూసుకుని, పదింటికల్లా పడుకోండి.