అపార్టుమెంటు డాబా మీద కంటికి ఆనని హామ్ రేడియో స్టేషన్

హైదరాబాద్ అపార్టుమెంటులో ఉండే హామ్‌కు, అంటే సరదాకు లైసెన్సుతో రేడియోలో మాట్లాడే ఔత్సాహికుడికి, అసలు చిక్కు యాంటెన్నాతోనే వస్తుంది. రేడియో సెట్టు బల్ల మీద ఒదిగిపోతుంది కానీ తీగకు ఆకాశం కావాలి, ఆ ఆకాశం కిందనున్న డాబా అందరిదీ. ఇక్కడ కంటికి ఆనకపోవడం అంటే ఇరుగుపొరుగు కళ్లకు, చెవులకు అడ్డు రాకపోవడం అని మాత్రమే అర్థం. ప్రసారానికి కేంద్ర ప్రభుత్వంలో రేడియో తరంగాల వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు, కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తప్పనిసరి. దానికి ముందు రాయవలసిన పరీక్షకు శిక్షణ కావాలంటే, 1983లో హైదరాబాద్‌లోనే ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను సంప్రదించవచ్చు. లైసెన్సు ప్రతిని అసోసియేషన్ కార్యదర్శికి చూపించి, తీగ ఎక్కడ కట్టబోతున్నారో ముందే చెప్పి ఒప్పించుకోవడం మంచిది. వాచ్‌మన్ కంటపడ్డాక చెప్పే సంజాయిషీని ఎవరూ నమ్మరు.

ఇటువంటి చోట ఒక చివరి నుంచి ఫీడ్ చేసే (సెట్టు సంకేతాన్ని అందించే) హాఫ్‌వేవ్ తీగనే, అంటే తరంగం పొడవులో సగం ఉండే తీగనే, నేను సిఫార్సు చేస్తాను. బూడిద రంగు తొడుగున్న సన్నని తీగను సుమారు 20 మీటర్లు తీసుకుని, నీళ్ల ట్యాంకు దిమ్మె నుంచి ఎదురు పిట్టగోడ మూలకు బట్టల దండేలతో పాటు లాగితే, నాలుగడుగుల దూరం నుంచి కూడా అది దండెమో యాంటెన్నానో తేల్చుకోవడం కష్టం. కాకపోతే మనిషి చేతికి అందని ఎత్తులో ఉండాలి. ఈ రకం యాంటెన్నా చివర 5 వాట్లకే వోల్టేజి 100 దాటుతుంది. ఫీడ్ చేసే చోట 49:1 ట్రాన్స్‌ఫార్మర్, అంటే తీగ చివర ఉండే ఎక్కువ ఇంపిడెన్సును (నిరోధాన్ని) సెట్టుకు సరిపడేలా 49వ వంతుకు తగ్గించేది, కావాలి. ఎఫ్‌టీ 240-43 ఫెరైట్ రింగు మీద ప్రైమరీ (సెట్టు వైపు) 2 చుట్లు, సెకండరీ (తీగ వైపు) 14 చుట్లు చుట్టి, ప్రైమరీకి అడ్డంగా 100 పీఎఫ్ కెపాసిటర్ కలిపి, వాన నీరు చొరబడని కరెంటు జంక్షన్ డబ్బాలో బిగిస్తే సరి. డబ్బా, కోయాక్స్ (సెట్టు నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో వెతకవచ్చు. తీగను మొదట ఓ అర మీటరు ఎక్కువగానే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కు తిరుగుతుందో చెప్పే కొలత) చూసుకుంటూ కత్తిరించాలి: 10 సెంటీమీటర్లు తగ్గిస్తే తీగ సరిగ్గా పలికే ఫ్రీక్వెన్సీ 7 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 35 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఈ ఒక్క తీగే 7, 14, 21, 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్లకు పని చేస్తుంది. డాబాకు మరీ ఎత్తు లేకపోవడం 7 మెగాహెర్ట్జ్‌లో లోపమేమీ కాదు. శక్తిలో ఎక్కువ భాగం పైకి పోయి అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను వెనక్కు వంచే పై వాతావరణ పొర) నుంచి తిరిగి రావడం వల్ల పగటి పూట విజయవాడ, బెంగళూరు వంటి దూరాలు బాగా పలుకుతాయి.

పవర్ విషయంలో పిసినారితనం మేలు. మొదటి నెలలో నేను 50 వాట్లతో మాట్లాడితే, పక్కింటి స్పీకర్లలో నా గొంతు గరగరమంటూ వినిపించింది. 10 వాట్లకు దిగి, కోయాక్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరే ముందు, మళ్లీ ఇంట్లోకి వచ్చే చోట ఫెరైట్ రింగులో పది చుట్లు తిప్పాక ఆ గొడవ సద్దుమణిగింది. రాత్రి పూట హెడ్‌ఫోన్లు, మోర్స్ కీ (మాటకు బదులు చుక్కలు, గీతల సంకేతాలు పంపే మీట) ఉంటే మన ఇంట్లోవారికి కూడా నిద్రాభంగం ఉండదు. మనకు వచ్చే రొద సంగతి వేరు: లిఫ్టు డ్రైవులు, ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు రిసీవర్ నిండా బుర్రుమంటాయి. సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి వింటే, దోషం మనదో పొరుగువారిదో ఒక్క నిమిషంలో తేలుతుంది.

ఎర్తింగ్‌కు హైదరాబాద్ నేల అంతగా సహకరించదు. గ్రానైట్ రాతి మీద ఉన్న ఊరు కనుక రాడ్డు దిగడమే కష్టం, దిగినా రెసిస్టెన్సు ఎక్కువగా ఉండవచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఏ ఎర్తింగ్ ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టగానే కోయాక్స్‌ను సెట్టు నుంచి పీకి ఇంటి బయట పెట్టాలి. కరెంటు లైన్ల వైపు తీగ పొరపాటున తెగి పడినా తగలనంత దూరం ఉంచాలి.

సంక్రాంతికి వారం ముందే తీగను దించి చుట్టి పెట్టుకోండి. దానికి చిక్కిన మాంజాను లాగడానికి పిల్లలు పిట్టగోడ ఎక్కుతారు.