లోకం బాగుపడుతుందా అని అడిగే ముందు: ‘నేనెవడను’ విచారణను ఆచరించే విధానం

యుద్ధాల వార్తలు, ఏటేటా ముదురుతున్న ఎండలు, ఎన్నికలు దగ్గరపడగానే ఊళ్లలో రాజుకునే కులమత వైరాలు చూసి ‘ఇక ఈ మనుషులు బాగుపడరు’ అనుకోనివారు ఇప్పుడు అరుదు. 1931లో తిరువణ్ణామలై వెళ్లిన ఆంగ్ల పాత్రికేయుడు పాల్ బ్రంటన్ కూడా ఇటువంటి సంశయాన్నే రమణ మహర్షి ముందు పెట్టి, లోకం భవిష్యత్తు ఎలా ఉండబోతోందని అడిగారు. వర్తమానమే సరిగా తెలియనప్పుడు భవిష్యత్తు గురించిన బెంగ ఎందుకనీ, తనను తాను తెలుసుకోకుండా లోకాన్ని తెలుసుకోబోవడం వల్ల ప్రయోజనమేమిటనీ మహర్షి ఇచ్చిన సమాధానం సారాంశం. చాలామందికి ఇది ప్రశ్నను దాటవేసినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం అది ప్రశ్న అడిగినవానికి పని అప్పగించినట్టు కనిపిస్తుంది. ఆ పని ఏమిటో, దానిని ఇంట్లో, ఉద్యోగంలో ఉంటూ ఎలా చేసుకోవచ్చో, దానికీ మనుషుల రేపటికీ ఉన్న సంబంధం ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పనే ‘నేనెవడను’ విచారణ, అంటే ‘నేను’ అనేది ఏమిటో తనలోనే వెదకడం. ముందుగా దీని పుట్టుక గురించి కొంత తెలుసుకోవాలి. 1896 జూలైలో మదురైలోని ఒక ఇంటి మేడగదిలో, తర్వాత రమణ మహర్షిగా పేరుపొందిన పదహారేళ్ల వేంకటరామన్‌కు ఏ జబ్బూ లేకుండానే హఠాత్తుగా మరణభయం కలిగింది. అతడు ఎవరినీ పిలవకుండా, శవంలా పడుకుని, చనిపోయేది ఈ దేహమే అయితే ‘నేను’ అనేది దేనిని అని తనలోనే వెదికాడు. ఆ ఏడాది సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. 1901, 1902 ప్రాంతాల్లో శివప్రకాశం పిళ్లై అనే భక్తుడు అరుణాచలం కొండ మీది విరూపాక్ష గుహలో కొన్ని ప్రశ్నలు వేయగా, అప్పటికి మాట్లాడని ఆ యువకుడు జవాబులను రాసి చూపించారు. తెలుగులో ‘నేనెవడను?’ పేరుతో దొరికే చిన్న పుస్తకానికి మూలం అదే. తెలుగువారికి ఈ మార్గంతో మరొక దగ్గరి బంధం ఉంది. బొబ్బిలి దగ్గరి కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తపస్సు అంటే ఏమిటో తేలక, 1907 నవంబరులో కొండ ఎక్కి ఆయననే అడిగారు. ‘నేను’ అనే భావం ఎక్కడి నుంచి పుడుతున్నదో గమనిస్తే మనస్సు అక్కడే లీనమవుతుందని, అదే తపస్సని, మంత్రం జపిస్తున్నా ఆ ధ్వని ఎక్కడి నుంచి పుడుతున్నదో చూడమని సమాధానం వచ్చింది. భగవాన్ శ్రీ రమణ మహర్షి అనే పేరు పెట్టినది ఆ తెలుగు పండితుడే.

ఆచరణ

ఆసనం, దిక్కు, వేళ, దీక్ష వంటి నియమాలేవీ ఇందులో లేవు. అయినా మొదలుపెట్టేవారు ఉదయం ఇల్లు లేవకముందు ఇరవై నిమిషాలో అరగంటో కేటాయించుకోవడం మంచిది, ఎందుకంటే పగలంతా చేయవలసిన పనిని ముందు నిశ్శబ్దంలో ఒకసారి చేసి చూసుకోకపోతే రద్దీలో అది గుర్తుకు రాదు. కుర్చీలో కూర్చున్నా చాలు. కళ్లు మూసుకోవాలన్న పట్టింపు లేదు. ఫోను మాత్రం మరో గదిలో ఉండాలి.

కూర్చోగానే ఆలోచనలు వస్తాయి: పిల్లవాడి ఫీజు, నిన్న ఆఫీసులో పడిన మాట, రాత్రి చూసిన యుద్ధ దృశ్యం. వాటిని తరమకండి, వాటి వెంట వెళ్లకండి. ఒక ఆలోచన తలెత్తిందని తెలియగానే ‘ఇది ఎవరికి కలిగింది?’ అని అడగండి. ‘నాకు’ అని తోస్తుంది. అప్పుడు ‘ఆ నేనెవడను?’ అని చూపును ఆ ఆలోచన విషయం మీద నుంచి ఆలోచిస్తున్నవాని వైపుకు మళ్లించండి. అలా మళ్లినప్పుడు కొద్దిసేపు, మొదట్లో బహుశా ఒక్క శ్వాసంత సేపు, లేచిన ఆలోచన ఆనవాలు లేకుండా అణగుతుంది. మళ్లీ మరొకటి లేస్తుంది, మళ్లీ అదే పని. ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు అని ఆ పుస్తకమే చెబుతుంది కాబట్టి, ఆలోచనలు ఎక్కువగా వచ్చిన రోజు చెడ్డ రోజనుకోనక్కరలేదు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘నేనెవడను, నేనెవడను’ అని లోపల జపించడం విచారణ కాదు. అలాగే పుస్తకాల్లో చదివిన ‘నేను బ్రహ్మను’, ‘నేను ఆత్మను’ వంటి జవాబులను తెచ్చి ప్రశ్నకు అతికించడం కూడా కాదు. మన తెలుగు ఇళ్లల్లో ప్రవచనాలు వినివిని వేదాంత పరిభాష నోటికి వచ్చేసి ఉంటుంది కనుక ఈ ప్రమాదం మనకు కొంచెం ఎక్కువ. మాటల్లో జవాబు దొరికితే ఇంకా ఆలోచనలోనే ఉన్నామని లెక్క. అడగడం చూపు తిరగడానికి మాత్రమే. చూపు తిరిగాక ప్రశ్నను కూడా వదిలి, ఉన్నానన్న ఎరుకలో వీలైనంత సేపు ఊరకే ఉండాలి.

మనస్సు మరీ చంచలంగా ఉంటే కాసేపు ఊపిరి రాకపోకలను గమనించవచ్చు. శ్వాస నెమ్మదించినంత సేపు మనస్సు కూడా నెమ్మదిస్తుంది, కానీ అది తాత్కాలికమేననీ, ప్రాణాయామం సహాయం మాత్రమేననీ మహర్షి స్పష్టంగా చెప్పారు. ఆహారం విషయంలో ఆయన నొక్కి చెప్పినది మితంగా, సాత్వికంగా తినడం ఒక్కటే. కడుపునిండా తిని కూర్చుంటే వచ్చేది నిద్ర, దానినే సమాధి అనుకునేవారు లేకపోలేదు. మగత కమ్ముకున్నట్టు తెలిసిన వెంటనే లేచి పది అడుగులు నడిచి, మళ్లీ కూర్చోవడం మేలు.

అరగంట అయ్యాక అసలు పని మొదలవుతుంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో మరొక మతాన్నో కులాన్నో తిడుతూ ఒక వీడియో పంపారనుకోండి. అది చూడగానే అవునని ఉప్పొంగడమో, కాదని మండిపడటమో జరుగుతుంది. రెండింటిలోనూ ‘నా’ అన్నది గాయపడటమో బలపడటమో ఉంటుంది. వేలు కీబోర్డు మీదికి వెళ్లేలోపు ‘ఈ మంట ఎవరికి?’ అని ఒకసారి అడిగి, నాలుగు శ్వాసలు ఆగండి. ఆ తర్వాత జవాబు రాయవలసి వస్తే రాయండి, గట్టిగా ఖండించవలసి వస్తే ఖండించండి. విచారణ మనిషిని మౌనిగా చేయాలన్న నియమం లేదు, రాసేది కోపమా మనిషా అన్నది తేలితే చాలు. వార్తలు చూసి కలిగే భయాన్ని కూడా ఇలాగే పట్టుకోవచ్చు: భయం కలిగించిన సంగతి నిజమే అయి ఉండవచ్చు, చేయవలసినది ఉండవచ్చు, అయినా రాత్రి మూడు గంటలకు పక్క మీద దానిని తిప్పితిప్పి నమిలేది ఎవరు అన్న ప్రశ్న వేరు.

ఈ ప్రశ్నను ఎదుటివారి మీద మాత్రం ఎప్పుడూ ప్రయోగించకూడదు. ఆకలితో ఉన్నవానిని, కొడుకును పోగొట్టుకున్న తల్లిని ‘ఈ బాధ ఎవరికి?’ అని అడగడం వేదాంతం కాదు, కాఠిన్యం. అది మనకు మనం వేసుకోవలసిన ప్రశ్న. అలాగే తీవ్రమైన కుంగుబాటు, నిద్రలేమి, ఒంటరిగా కూర్చుంటే పెరిగే ఆందోళన ఉన్నవారు ముందు వైద్యుని చూడాలి. లోపలికి చూడటం వారికి ఆ దశలో మేలు కన్నా హాని చేయవచ్చు.

దీనికీ లోకానికీ సంబంధం

ఒకరు ఇంట్లో కూర్చుని తనను తాను చూసుకుంటే ఎక్కడో జరుగుతున్న యుద్ధం ఆగదు. అలా ఆగుతుందని చెప్పేవారిని నేను నమ్మను. నాకు కనిపించే ఆధారం ఇంతకన్నా చిన్నది, కానీ గట్టిది. 1924 జూన్ 26 రాత్రి దొంగలు రమణాశ్రమం మీద పడి, ఉన్నవారిని కొట్టారు. మహర్షి ఎడమ తొడ మీద కూడా దెబ్బ పడింది. తృప్తి తీరకపోతే రెండో కాలి మీద కూడా కొట్టుకోమని ఆయన వారితో అన్నారు. భక్తులు తిరగబడబోతే వద్దని వారించారు, వాళ్ల పని వాళ్లు చేశారు, సాధువులుగా మన పని సహించడమని చెప్పారు. పన్ను నాలుకను కరిచిందని పన్ను ఊడగొట్టుకుంటామా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఎవరికీ ప్రదర్శించడానికి తీరిక లేని చీకట్లో, దెబ్బ పడిన క్షణంలో వచ్చిన మాట అది. ‘పరాయి’ అన్న గీత ఒక మనిషిలో నిజంగా చెరిగిపోగలదని అది చూపిస్తుంది. ఒకరిలో చెరిగినది మనిషి స్వభావానికి అసాధ్యం కాదు కదా! భవిష్యత్తు గురించి నాకున్న ఆశకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అవసరం అనిపించలేదు.

‘నేనెవడను?’లోనే మరొక మాట ఉంది. ఇతరులకు ఇచ్చేదంతా తనకు తాను ఇచ్చుకుంటున్నదేనని, ఈ నిజం తెలిస్తే ఇవ్వకుండా ఉండేవారెవరని దాని భావం. ఎదుటివారు ఎంత చెడ్డవారైనా వారిని ద్వేషించకూడదని, ఇష్టాయిష్టాలు రెండూ విడవదగినవేనని కూడా అక్కడే ఉంది. కనుక విచారణ సాగుతున్నదో లేదో తెలుసుకోవడానికి లోపల వెలుగులు కనబడ్డాయా, నాదాలు వినబడ్డాయా అని చూసుకోవడం వృథా. మాట పడిన తర్వాత మామూలు స్థితికి రావడానికి పూర్వం పట్టినంత సమయం పడుతున్నదా, తప్పు మనదైనప్పుడు ఒప్పుకోవడం తేలికైందా, ఇంట్లో పనిమనిషితో మాట్లాడే స్వరం మారిందా, ఇచ్చేటప్పుడు చేయి వెనక్కి లాగడం తగ్గిందా అన్నవి చూసుకోవాలి. వీటిని మీకన్నా ఇంట్లోవాళ్లు బాగా చెప్పగలరు, అడిగే ధైర్యం ఉంటే.

మహర్షి తెల్లవారుజామునే వంటింట్లో కూర్చుని కూరగాయలు తరిగేవారు. తనకు వడ్డించే ప్రత్యేక పదార్థం అందరికీ లేకపోతే ముట్టేవారు కాదు. ఆత్మవిచారణ చేసేవారు పనులు మానుకోవాలన్న అపోహకు ఇది చాలినంత జవాబు. అయితే ఇంకో సంగతి కూడా దాచకూడదు. అదే ఆశ్రమ భోజనశాలలో ఆ కాలపు ఆచారాన్ని అనుసరించి బ్రాహ్మణులకూ ఇతరులకూ మధ్య అడ్డు ఉండేది, ఆయన మాత్రం రెండు వైపుల వారికీ కనబడే చోట కూర్చునేవారు. లోపలి గీత చెరిగిన మనిషి చుట్టూ కూడా బయటి గీతలు వాటంతట అవి చెరగలేదు. వాటిని చట్టం, పోరాటం, చదువు చెరపాలి. లోపల చూసుకోవడం ఆ పనికి ప్రత్యామ్నాయమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. న్యాయం కోసం పోరాడి గెలిచినవారు తాము కూడా కొత్త ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ జాబితా తయారుచేయకుండా ఉండటానికి మాత్రం లోపల చూసుకోవడం అవసరం.

కొద్ది మంది కలిసి చేయాలనుకుంటే వారానికొకసారి ఒక ఇంట్లో అరగంట మౌనంగా కూర్చుని, తర్వాత కాలనీ నీటి సమస్య గురించో బడి గోడ గురించో మాట్లాడుకోండి. అనుభవాలు చెప్పుకోవడం మొదలుపెడితే పోటీ మొదలవుతుంది, దానిని మానుకోండి. పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టవద్దు. వారు అడిగినప్పుడు, ఏడుపు తగ్గిన తర్వాత, ‘నీకు అంత కోపం వచ్చింది కదా, అది ఇప్పుడెక్కడికి పోయింది?’ అని అడిగితే చాలు.

కొన్ని నెలలు ప్రయత్నించినా ఈ ప్రశ్న పొడిగా, తలకు మాత్రమే సంబంధించినదిగా అనిపించేవారు ఉంటారు. వారికి మహర్షి చెప్పిన రెండో దారి శరణాగతి: తాను మోస్తున్నాననుకున్న భారాన్ని ఈశ్వరునికి వదిలి, ఎదురుగా వచ్చిన పని చేయడం. ఈ రెండు దారులూ ఒకే చోటికి చేరుతాయని ఆయన పదే పదే అన్నారు. రామనామమో, నమాజో, ప్రార్థనో చిన్ననాటి నుంచి అలవాటున్నవారు దానిని విడిచిపెట్టి ఈ ప్రశ్నను నెత్తికెత్తుకోనక్కరలేదు. గణపతి మునికి చెప్పినట్టు, ఆ ధ్వని తమలో ఎక్కడి నుంచి లేస్తున్నదో దాని మీద ధ్యాస ఉంచి, రేపు ఉదయం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.